రంగు రేకుల కింద ఇంటర్వ్యూ

డిప్లొమా కాగితం చేతికొచ్చిన కొత్తలో మనిషికి లోకంలోని ఇళ్ళన్నీ తప్పుగా కట్టినట్టే కనబడతాయి. సివిల్ డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగం ఇంకా దొరక్క, శింగనమల దగ్గర మా ఊళ్ళో ఖాళీగా కూర్చున్న ఆ రోజుల్లో నా పరిస్థితీ అదే. బస్సులో పోతూ పక్క ఊళ్ళ గోడల్లో పగుళ్ళు వెతికేదాన్ని (నన్నెవరూ అడగలేదు). అందుకే మా మట్టి మిద్దె దూలాలకు చెదలు పట్టిందని తెలిసినప్పుడు ఇంట్లో అందరూ దిగులుపడితే, నేను మాత్రం లోలోపల సంతోషించాను. నాకు మొదటి పని దొరికింది.

నాయనది ఒకటే మాట. దూలాలు మార్చి, పైన మళ్ళీ నీళ్ళు దిగని చౌడు మట్టి పోయించుకుందాం అని. మండు వేసవిలో మట్టి మిద్దె కింద ఉన్నంత చల్లగా ఇంకెక్కడా ఉండదని ఆయన నమ్మకం. అది నిజం కూడా. నేను ఒప్పుకోలేదు. నోటుబుక్కులో ఇంటి బొమ్మ గీసి, వేయగల పైకప్పులన్నిటినీ వరసగా రాసి, ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. స్లాబు వేస్తే మట్టితో కట్టిన మా రాతి గోడలు ఆ బరువు మోయవు. బండల కప్పుదీ అదే సంగతి. పెంకులు వేస్తే కోతులు బతకనివ్వవు (ఇది మా అవ్వ చెప్పిన ముక్క, నోటుబుక్కులో నా సొంత మాటలా రాసుకున్నాను). సిమెంటు రేకులు పాత కాలానివి. చివరికి మిగిలింది రంగు పూసిన ఇనుప రేకులు. తేలిక, చెదలు పట్టవు, రెండు రోజుల్లో పని అయిపోతుంది. నాయన నోటుబుక్కును అటూ ఇటూ తిప్పి చూసి, "ఎండ కొడితే ఇదేం చేస్తాది పాపా?" అన్నాడు.

"ఎండను వెనక్కి పంపిస్తాది నాయనా," అన్నాను. రేకులు చేసేవాళ్ళు అచ్చేసిన కాగితంలో అలాగే ఉంది మరి.

ఇద్దరం మోపెడ్ మీద అనంతపురం రేకుల అంగడికి పోయాం. అంగడాయన నోటి నుంచి గ్యారంటీ లేని మాట రాదు కాబట్టి అందరూ ఆయన్ను గ్యారంటీ సెట్టి అనేవాళ్ళు. తుప్పుకు గ్యారంటీ, రంగుకు గ్యారంటీ, గాలికి గ్యారంటీ అన్నీ అయ్యాక, నాయన వేలు మడిచి రేకు మీద కొట్టాడు. టంగుమంది.

"సెట్టీ, వానొస్తే సద్దు కాదా?"

"అయితాదన్నా, అబద్ధమెందుకు. అయినా మన తట్టు వాన యాడుండాది?"

నాయన బేరానికి దిగాడు. ఈ జిల్లాలో పుట్టినవాళ్ళెవరూ ఆ మాటను కాదనలేరు. నేను నీలం రంగు ఏరుకున్నాను.

చలికాలం చివర్లో మిద్దె దించి రేకులు వేయించాం. ఆ తర్వాత నెలల తరబడి చినుకు లేదు. ఎండ మాత్రం కాసింది. కాగితంలో రాసినట్టు అది వెనక్కి పోలేదు, నేరుగా లోపలికొచ్చి కూర్చుంది. అవ్వ రోజూ అన్నం తినగానే చాప చంకన పెట్టుకుని పక్కింటి మట్టి మిద్దె కిందికి పోయేది. పోతూ పోతూ గడపలో ఆగి, "బాగుండాది మే నీ ఇల్లు, నీలంగా," అనేది. నేను చెమట తుడుచుకుంటూ ఆమెకు గాలి ప్రసరణ గురించి చెప్పేదాన్ని.

ఇళ్ళు కట్టించే ఒక కాంట్రాక్టరు ఆఫీసు నుంచి కబురొచ్చింది అప్పుడే. సైటు ఇంజనీరు ఉద్యోగం. మేనేజరు సాయంత్రం నాలుగింటికి ఫోన్లో మాట్లాడతాడట. మా ఇంట్లో సిగ్నల్ వంటింటి కిటికీ పక్కన ఒక్కచోటే అందేది. మూడున్నరకే అక్కడ నిలబడ్డాను. తల కూడా దువ్వుకున్నాను. నాలుగింటికి ఫోన్ మోగింది. "హలో" అన్నాను. అంతలో వాన దిగింది.

ఎవరో వేరుశెనగ మూటలు విప్పి ఒకదాని వెంట ఒకటి నెత్తిన కుమ్మరిస్తున్నట్టు ఉంది ఆ సద్దు. మేనేజరు మాట్లాడుతున్నాడని తెలుస్తోంది గానీ ఒక్క ముక్కా వినబడదు. బయటికి పోతే సిగ్నల్ ఉండదు. వినబడటం లేదని అంత పెద్దమనిషితో మొదటిసారే ఎలా చెప్పను? అందుకని, ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడనిపించినప్పుడల్లా "సరే సార్" అని గొంతు చించుకుని అరిచాను. కిటికీలోంచి చూస్తే నాయన వాకిట్లో తడుస్తూ ఆకాశం వంక చూసి నవ్వుతున్నాడు. ఊరంతా బయటే ఉంది. ఆ వానను తిట్టుకున్నది నేనొక్కదాన్నే, అదీ మనసులో. మా దగ్గర వానను పైకి తిట్టరు.

ఫోన్ పెట్టేశాక నాయన తల తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏమన్యాడు పాపా?"

"బాగానే మాట్లాడినాడు నాయనా."

"అదే, ఏం మాట్లాడినాడని?"

"ఇనపడలేదు."

నాయన రేకుల వంక చూశాడు. నా వంక చూశాడు. ఆయన వెనకే వచ్చిన అవ్వ అడిగింది, "మరి నువ్వేం చెప్పినావు?"

"అన్నిటికీ సరే అన్నాను."

"పెండ్లి గాని ఒప్పుకున్యావేమో, కనుక్కో మే," అంది అవ్వ.

నాలుగు రోజులకు ఉత్తరం వచ్చింది. ఉద్యోగం అనంతపురంలో కాదు, జిల్లా కొసన ఉన్న కుందుర్పిలో. రెండేళ్ళ దాకా మానేయకూడదు. అవసరమైతే ఆదివారాలు కూడా పని చేయాలి. సైట్లు తిరగడానికి బండి నడపడం వచ్చునని కూడా చెప్పానట. సోమవారమే చేరాలి. మిగిలిన మూడు రోజులూ నాయన పొద్దున్నే లేచి, మోపెడ్ వెనక పట్టుకుని పరిగెత్తుతూ నాకు బండి నేర్పించాడు. రేకుల ఊసు మాత్రం ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

కుందుర్పిలో ఏడాది గడిచాక ఒక రోజు సైటులో టీ తాగుతూ మేనేజరు చెప్పాడు. "నీకంటే ముందు చానామందికి ఫోన్ చేసినానమ్మా. కుందుర్పి అనంగానే ఆలోచించి చెప్తామన్నారు. నువ్వొక్కదానివే, ఏమడిగినా సరే సార్ అని ఎలుగెత్తి చెప్పినావు. ఆ హుషారు చూసే తీసుకున్యా."

"థాంక్యూ సార్," అన్నాను. అంతకు మించి ఆయనకు ఏనాడూ చెప్పలేదు. రెండేళ్ళకని పోయినదాన్ని ఆరేళ్ళున్నాను.

ఇప్పుడు నాకు ఎవరైనా పని ఇస్తామంటే ప్రతి షరతూ శ్రద్ధగా వింటాను. రెండోసారి అడుగుతాను. రాసి పంపమంటాను. అలా బాగా విని, అర్థం చేసుకుని వదిలేసిన పనులు కొన్ని ఉన్నాయి. అవి గుర్తొచ్చినప్పుడు, ఏమీ వినబడకుండానే అన్నిటికీ ఒప్పేసుకున్న ఆ పిల్ల కూడా గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.