బండారి సంచి

మా ఊర్ల మల్లన్న కథ చెప్పే ఒగ్గాయనను పెద్దబాపు అంటుంటి. బొడ్లె బండారి సంచి లేకుండ ఆయనను ఎన్నడు చూడలే. ఎవలు కలిసినా ఆ సంచిలకెల్లి నొసట ఇంత బండారి పసుపు రాసి, "మల్లన్న సల్లగ జూడాలె" అనేటోడు.

ఒకసారి దేవుడు పూనే కన్నడ ఫైటింగ్ సినిమా తెలుగుల వస్తే, నేనుండే కరీంనగర్ల టాకీసుకు తోల్కపోయిన. తెర మీద మనిషికి దేవుడు పూనంగనే హాలంత ఈలలు. పెద్దబాపు చెప్పులిడిసి లేచి, పక్క సీటాయన నొసట బండారి పెట్టిండు. ఆయన దస్తీతోని తుడుసుకొని, మళ్ల తెరకే దండం పెట్టిండు.

బయటికొచ్చినంక పెద్దబాపు అన్నడు: "మన మల్లన్న పట్నాల పండుగకు గీసారి డీజే పెట్టుకున్నరు బిడ్డా. కథ చెప్ప నన్ను పిలువలే."

ఆయనను ఊరి బస్సెక్కించేటప్పుడు ఎప్పటిలెక్కనే తల వంచిన. ఆయన చెయ్యి సంచి దాంక పోయి, ముడి ఇప్పకుండ ఉట్టిగనే తిరిగొచ్చింది.