పురుగుల ఇంట్లో లాప్‌టాప్

మూత తెరిచి మీటల సందుల్లో దుమ్ము ఊదితే, లాప్‌టాప్ లోంచి సాంబ్రాణి వాసన వచ్చింది. ఎవరు వాడి అమ్మేశారో, ఏ దేవుడి గూటి కింద పెట్టుకున్నారో తెలియదు. హోసూరు బస్టాండు వెనక అంగడిలో నిన్ననే కొన్నాను. ఇంటికి తెచ్చి బటన్ నొక్కితే నల్లటి తెర మీద ఒక వరుస తెల్లటి అక్షరాలు చూపించి అక్కడితో మొరాయించింది. అంగడాయనకు ఫోన్ చేస్తే "ఓఎస్ పోయుంటాదిమ్మా, మళ్ళీ ఎక్కించుకుంటే లేస్తాది" అని తేలిగ్గా చెప్పేశాడు. ఓఎస్ అంటే లాప్‌టాప్‌ను నిద్రలేపి నడిపించేది, అది లేకపోతే మిగతాదంతా ఉత్త డబ్బా. సరేలే అని పెన్‌డ్రైవ్ గుచ్చి, ఎక్కించడం మొదలుపెట్టి, నేల మీద చాప వేసుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. అది వేడెక్కేకొద్దీ సాంబ్రాణి వాసన గదంతా నిండుతోంది. నా చిన్నప్పుడైతే ఇలాంటి దాన్ని మా అవ్వ గడప తొక్కనిచ్చేది కాదు.

అవ్వ వాళ్ళది డెంకణికోట నుంచి తళికి పోయే దారిలో ఒక చిన్న ఊరు. అమ్మా నాయనా హోసూరులో కంపెనీ షిఫ్టులకు పోయేవాళ్ళు గనుక నేను అవ్వ దగ్గరే పెరిగాను. మల్బరీ తోట అంచున అవ్వకు పొడుగాటి పురుగుల ఇల్లు ఉండేది. పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో పుట్టినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్తాను: పంట ఉన్నన్నాళ్ళూ ఆ చుట్టుపక్కల వాసన అనేదే ఉండకూడదు, ఘాటైన వాసన తగిలితే పురుగు మేత మానేస్తుంది. అందుకని అగరొత్తి లేదు, దోమల చుట్ట లేదు, ముఖానికి పౌడరు లేదు, తలకు వాసన నూనె లేదు, తిరగమోత పెట్టాలన్నా గాలి ఎటు వీస్తోందో చూసుకుని, వంటింటి తలుపు మూసుకుని పెట్టాలి. బీడీ తాగి వచ్చిన చుట్టాలకు చింతచెట్టు కిందే మంచం, అక్కడికే కాఫీ. ఉగాది పురుగులున్నప్పుడు వస్తే ఓళిగలు, అదే బొబ్బట్లు, వీధి చివరి ఇంట్లో కాల్చుకుని, తట్టలో పెట్టి గుడ్డ కప్పి తెచ్చుకునేవాళ్ళం. దేవుడికి ఉత్త దీపమే. "దేవుడికి చెప్తే అర్థమవుతాదిమ్మే, పురుగుకి చెప్తే అర్థమవుతాదా?" అనేది అవ్వ.

అలాగని అవి రుచి లేని రోజులు కావు. మల్బరీ సాళ్ళ మధ్య దాగుడుమూతలు ఆడి, నల్లటి పండ్లు తిని నాలుకలు ఊదా రంగుకు తిప్పుకుని ఒకరికొకరు చూపించుకునేవాళ్ళం. చలికాలం పొగమంచులో చేతులు కొంకర్లు పోతుంటే అనపగింజలు నానేసి ఒక్కోటీ పితికి పొట్టు తీసేవాళ్ళం, ఆ పితికిన పప్పు వేడి సంగటి మీద పోసుకుంటే గిన్నె అడుగు కనబడేదాకా ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. వేసవి వస్తే కృష్ణగిరి వైపు నుంచి అమ్మ మామిడికాయల సంచి తెచ్చేది, అవ్వ వాటిని కోసి ఒరుగులకు ఎండబెట్టేది. ఇక పురుగులు పండి, ఒళ్ళు పచ్చగా అద్దంలా మెరిసి, గూళ్ళు కట్టుకునే వెదురు చంద్రికలు ఎక్కి, ఆ గూళ్ళు అమ్ముడైపోయిన రోజు చూడాలి! నూనె, కుంకుడుకాయ, సాంబ్రాణి, పౌడరు, ఇంగువ తిరగమోత, అన్ని వాసనలూ ఒక్క పూటలో ఇంటికి తిరిగొచ్చేవి, మాకు అదే అసలు పండగ.

అమ్మ చెల్లెలు లలిత చిన్నమ్మ కూడా ఆ ఇంట్లోనే ఉండేది. నాకు జడ వేసేది, లెక్కలు చెప్పేది, భయమేస్తే పక్కలో పడుకోబెట్టుకునేది, అమ్మ ఆదివారాలకు మాత్రమే అమ్మ, మిగతా రోజులకు చిన్నమ్మే. ఒక ఏడాది ఉగాది ముందర ఆమెను హోసూరు కంపెనీలో చేర్చడానికి, ఆడపిల్లలను పనికి తీసుకుపోయే వ్యానువాళ్ళకు అవ్వ మాట ఇచ్చేసింది, సోమవారం వచ్చి తీసుకుపోతారు, ఇక ఉండడం అక్కడి హాస్టల్లో. చిన్నమ్మకేమో డెంకణికోటలో ఒక కంప్యూటర్ సెంటరు ఆవిడ "సొంత లాప్‌టాప్ తెచ్చుకుంటే నా దగ్గర పనికి సీటు ఇస్తాను, రోజూ ఇంటి నుంచే వచ్చి పోవచ్చు" అని చెప్పింది. అది పట్టుకుని చిన్నమ్మ ఎవరో వాడిన లాప్‌టాప్ ఒకటి తెచ్చింది. తెచ్చిన రోజు లేచింది, మర్నాటి నుంచి లేవలేదు.

అవ్వ దాన్ని దూరం నుంచే పసిగట్టింది.

"యాడిదిమే ఇది? సెంటు వాసన కొడతాంది."

"పాతదిమ్మా. ఎవురో వాడినది."

"వాడినోళ్ళ వాసన కూడా కట్టిచ్చినారా? లేవనన్నా లేవదు, దీనికి సోకు ఒకటి. సోమారం లోపల లేస్తే ఈడే ఉండు, లేకుంటే వ్యాను ఎక్కు. నేను మాట ఇచ్చినాను."

చిన్నమ్మ ఆ సాయంత్రమే డెంకణికోటకు కబురు పెట్టింది. నేను ఆ రాత్రి సోమవారానికి ఎన్ని రోజులో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

శనివారం పొద్దున డెంకణికోట నుంచి నాగరాజన్న వచ్చాడు, పాత కంప్యూటర్లు బాగుచేసే మనిషి. సీడీల సంచి భుజానికి తగిలించుకుని, బండి దిగీ దిగగానే వాకిట్లో ఉన్నది చూసి కొయ్యబారిపోయాడు. లాప్‌టాప్ చేటలో, మామిడి ముక్కల పక్కన, నోరు తెరుచుకుని ఎండలో పడి ఉంది.

"ఎవురప్పా దీన్ని ఎండకేసింది?"

"నేనే" అంది అవ్వ. "ఎండకి పెడితే వాసన పోతాది గదా."

"అవ్వా, ఇది మామిడి ఒరుగు కాదవ్వా! ఇంకొంచేపు ఎండితే ఊరగాయకి కూడా పనికిరాదు."

నీడలో పెట్టి చల్లారాక పరీక్షించి, ఎండ దోషం ఏమీ లేదన్నాడు, లోపలి ఓఎస్ చెడింది, తుడిచేసి మళ్ళీ ఎక్కించాలి. అయితే బ్యాటరీ పనిచేయదు, వైరు పీకితే ఆరిపోతుంది. ఎక్కుతుండగా కరెంటు పోతే మధ్యలో ఆగిపోతుంది. ఆ రోజుల్లో మాకు కరెంటు వచ్చేదెప్పుడో, పోయేదెప్పుడో ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. "యూపీఎస్ యాడన్నా ఉండాదా?" అని అడిగాడు. కరెంటు పోయినా కాసేపు నడిపించే ఆ బ్యాటరీ పెట్టె ఊరంతటికీ ఒక్కటే ఉంది, అదీ పురుగుల ఇంట్లో ఫ్యానుకూ లైటుకూ. మేమంతా అవ్వ వైపు చూశాం.

అవ్వ లాప్‌టాప్‌ను చేతుల్లోకి తీసుకుని, పనసపండును చూసినట్టు నాలుగు వైపులా వాసన చూసింది. "ఇది రావచ్చు" అంది. "నువ్వు రాకూడదప్పా. దానికంటే నీ మీదే ఎక్కువ సెంటు ఉండాది."

"నీళ్ళు పోసుకోని వస్తానవ్వా."

"పోసుకున్నా చొక్కా అదే గదప్పా!"

అలా నాగరాజన్న బయట, ఈగలు రాకుండా వల కొట్టిన కిటికీ దగ్గర నిలబడ్డాడు. మేము సున్నపు నీళ్ళలో కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాం. తట్టల్లో పురుగులు ఆఖరి మేత మీద ఉన్నాయి, వేలెడేసి పొడుగు, ఇల్లంతా చిన్న జల్లు పడుతున్నట్టు ఒకటే చప్పుడు. ఆకుల బుట్ట బోర్లించి దాని మీద లాప్‌టాప్ పెట్టాం. చిన్నమ్మ సీడీ పెట్టి, మీట మీదికి వేలు చాపి, వెనక్కి తీసేసుకుంది.

"నువ్వు నొక్కు పాపా, నీ చెయ్యి మంచిది."

నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలు రావు. కనబడినవి కనబడినట్టు అరిచాను. "ఎన్, ఈ, ఎక్స్, టీ!"

కిటికీ బయటి నుంచి నాగరాజన్న అందుకున్నాడు. "అది నెక్స్ట్. నొక్కు పాపా."

"నొక్కితే ఏమవుతాది?"

"నెక్స్ట్ అవుతాది! నొక్కుమే!"

నొక్కాను. పాతదంతా తుడిచెయ్యమంటావా అని అది అడుగుతోందని నాగరాజన్న చెప్పాడు, అందుకూ నొక్కాను. తెర మీద సన్నటి పచ్చ గీత ఒకటి పుట్టి పాకడం మొదలుపెట్టింది. సగం దాకా పోయిందో లేదో, కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరవసాగింది, లైటు కునికింది.

కిటికీ బయట నాగరాజన్న గొంతు మారిపోయింది. "ఫ్యానూ ఇదీ రెండూ మోయలేదవ్వా, యూపీఎస్ పడిపోతాది. ఏదో ఒకటి ఆపండి. ఇది ఆగితే మళ్ళా మొదట్నుంచి ఎక్కించాల. నా సీడీ గీతలు పడుండాది, రెండోసారి పట్టుతాదని నేను చెప్పలేను."

మిట్టమధ్యాహ్నం, ఉగాది ముందరి ఎండ. ఆఖరి మేత మీదున్న పురుగుకు గాలాడకపోతే ఉక్కకు రోగం పడుతుంది, పడితే ఒక తట్టతో ఆగదు, పంటంతా పోతుంది. అది నాకే తెలిస్తే చిన్నమ్మకు తెలియదా? "ఇదే పీకేస్తానుమ్మా" అని లాప్‌టాప్ వైరు మీద చెయ్యి వేసింది.

"సుమ్మనె ఉండు, దాన్ని ముట్టొద్దు" అంది అవ్వ. చేతులు కొంగుకు తుడుచుకుంది, గోడ దగ్గరికి నడిచింది, ఫ్యాను స్విచ్ ఆపేసింది.

యూపీఎస్ అరుపు ఆగింది. ఫ్యాను రెక్కలు తిరిగి తిరిగి నిలిచిపోయాయి. పురుగులు ఆకు నమిలే చప్పుడు ఒక్కటే మిగిలింది.

"చూస్తా ఉండారేమి? ఎత్తండి చేటలు! ఏమప్పా సెంటాయనా, నువ్వు సుమ్మనె నిలబడుకోవద్దు, ఆ గోనెపట్టలు తడిపి కిటికీలకి ఎయ్యి!"

నాగరాజన్న తొట్టి నుంచి బిందెలతో నీళ్ళు మోసి గోనెపట్టలు తడుపుతూ, చొక్కా ప్యాంటూ అంతా తడిసి, ఉన్న సెంటంతా వదిలించుకున్నాడు. లోపల అవ్వ ఒక వరుసా చిన్నమ్మ ఒక వరుసా చేటలతో విసురుతూ పోయారు. తడి గోనె వాసన, ఆకు పచ్చి వాసన, మా చెమట వాసన కలిసి ఆ ఇంట్లో నేనెన్నడూ ఎరగని వాసన ఒకటి పుట్టింది. అవ్వ మాత్రం దాన్నేమీ అనలేదు. నా పని గీతను కాపలా కాయడం.

"కదిలిందా మే?"

"లేదవ్వా."

"ఇప్పుడు?"

"లేదు... ఆ, కదిలింది! కదిలింది!"

తెర నీలంగా వెలిగి, లోపలెవరో గంటలు మోగించినట్టు ఒక పాట ముక్క వినిపించింది. చిన్నమ్మ చేట కింద పడేసి నా తలను పొట్టకు అదుముకుంది. అవ్వ వెనక్కి తిరగనైనా లేదు.

"లేసిందా? అయితే ఫ్యాను ఎయ్యండి."

సోమవారం వ్యాను వచ్చి హారన్ కొట్టింది. అవ్వే బయటికి పోయింది. "మా పిల్ల రాదప్పా" అని చెప్పడం నేను తలుపు చాటు నుంచి విన్నాను. "ఆకు కోసేకి మనిషి లేదు." ఆ పంట బాగానే పండింది. నాగరాజన్న ఆ తర్వాత ఎప్పుడు మా వీధికి వచ్చినా, గడప ముందు ఆగి తన చొక్కా తానే వాసన చూసుకునేవాడు.

ఇప్పుడు ఆ పురుగుల ఇల్లు లేదు. అవ్వ మోకాళ్ళు మొరాయించాక తోట గుత్తకిచ్చేశారు, మల్బరీ పీకేసి తెల్లటి వల పందిరి కింద క్యాప్సికం పెంచుతున్నారు. పురుగుల మేత చప్పుడు ఎలా ఉంటుందో మా ఊరి చిన్నపిల్లలకు తెలియదు. వాడిన లాప్‌టాప్ ఒకటి లేవాలని ఇల్లంతా నిలబడి ఎదురుచూడటం కూడా ఇప్పుడెక్కడా చూడను. డెంకణికోటలో చిన్నమ్మ సొంతంగా సెంటరు పెట్టుకుంది, దాని వెనక గదిలో అవ్వ పొద్దునా సాయంత్రమూ అగరొత్తులు కట్టలు కట్టలుగా వెలిగిస్తుంది, ఇన్నేళ్ళు కాల్చనివన్నీ కలిపి కాలుస్తున్నట్టు. పోయిన వారం చిన్నమ్మ ఫోన్ చేసి "లాప్‌టాప్ తెచ్చుకో పాపా, నా పక్కన నీకు సీటు ఉండాది" అంది. అందుకే ఇది కొన్నాను.

ఎంతసేపు కూర్చున్నానో, తలుపు తోసుకుని మంజు వచ్చింది. మత్తూరు పిల్ల, నాలాగే కంపెనీలో పని, ఈ గదిలో నాతోపాటు ఉంటుంది, తన షిఫ్టు దిగి వస్తోంది.

"ఏమ్మే, కరెంటు ఉండాది గదా! ఫ్యాను ఆపుకోని చెమటలో నానతా ఉండావేంది?"

తలెత్తి చూశాను. రెక్కలు కదలడం లేదు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు, లేచి స్విచ్ ఆపింది నేనే అయి ఉండాలి, ఎప్పుడు ఆపానో గుర్తే లేదు. మంజు స్విచ్ వైపు చెయ్యి చాపింది.

"వద్దు మంజూ. ఇంకొంచెంసేపే."

నన్నూ లాప్‌టాప్‌నూ మార్చి మార్చి చూసింది. "నీకు ఎండ దెబ్బ తగిలుండాది" అంటూ చాప మీద నా పక్కన కూలబడి, టిఫిన్ డబ్బా మూత తీసి ఇద్దరికీ కలిపి విసరడం మొదలుపెట్టింది.

తెర మీద గీత కదిలింది.