రెండో మనిషి అనుమతి

మనుషుల్ని తీసేయడమే నా పని. ఉద్యోగాల్లోంచి కాదు, వాక్యాల్లోంచి. దుబాయ్‌లో పేటెంట్ దరఖాస్తులు రాసే ఆఫీసులో పనిచేస్తాను. ఎవరో ఒకరు ఏదో కనిపెట్టామని వస్తారు. వాళ్ళు చెప్పేదాని నిండా మనుషులే. నర్సు మందు వేయడం మర్చిపోతుంది, డ్రైవరుకు కునుకు పడుతుంది, ముసలాయనకు అక్షరాలు కనబడవు. నేను నర్సును తీసి సెన్సరు పెడతాను, డ్రైవరును తీసి ప్రాసెసరు పెడతాను. మా ముదీర్, అంటే మేనేజరు, ఒక సిరియన్ పెద్దావిడ. నేను చేరిన కొత్తలోనే చెప్పింది, క్లెయిముల్లో ఎవరూ బాధపడకూడదు, ఎవరూ సంతోషపడకూడదు అని. క్లెయిము అంటే దరఖాస్తు చివర మా హక్కు ఇంతవరకు అని గిరి గీసి చెప్పే వాక్యం. అందులో ఉన్నదే క్లయింటుది. లేనిది ఎవడైనా వాడుకోవచ్చు, లేదా వదిలేయవచ్చు. ఈ పని నాకు బాగా వచ్చు. ఆ మాట గర్వంగా చెప్పుకున్న రోజులూ ఉన్నాయి.

నేను కరోనా ముందు వచ్చాను. అప్పట్లో ఇక్కడ జూదం అన్న మాట పైకి అనాలంటే అటూ ఇటూ చూసి అనేవాళ్ళం. తర్వాత లైసెన్సులు ఇవ్వడం మొదలైంది. ఫోన్‌లో ఆడుకునే ఆటలు వచ్చాయి. చేతిలో నోటు అక్కర్లేదు, జీతం పడిన ఖాతాలోంచి ఆట ఖాతాలోకి వేలితో తోస్తే చాలు. నోటు తీసి ఇచ్చేటప్పుడు చెయ్యి కాస్త వెనక్కి లాగుతుంది కదా, అదీ పోయింది.

ఆ సమయంలోనే ఒక చిన్న కంపెనీ మా దగ్గరికొచ్చింది. ఆట ఖాతాలో ఖర్చుకు హద్దు పెట్టే సాఫ్ట్‌వేర్ తయారు చేశారు. నెలకు ఇంతకు మించి ఆడను అని ఆడేవాడే పెట్టుకుంటాడు. అలాంటివి అప్పటికే ఉన్నాయి. ఎందుకూ కొరగావు, ఎందుకంటే పెట్టుకున్నవాడే అర్ధగంటలో పెంచుకుంటాడు. వీళ్ళ దాంట్లో కొత్త సంగతి ఏమిటంటే, హద్దు పెంచాలంటే ఇంకో మనిషి ఒప్పుకోవాలి. ఆడేవాడు ముందే ఒకరి పేరు ఇస్తాడు. ఆ రెండో మనిషి తన ఫోన్‌లో సరే అంటేనే తలుపు తెరుచుకుంటుంది. వద్దంటే అంతే సంగతులు.

వింటూనే నాకు మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా అక్క మొగుడు. జెబెల్ అలీలో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. అక్క జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఉంటుంది. ఈసారి ఖలాస్, వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికే, ఇద్దరం కలిసి పిండిగిర్ని పెట్టుకుంటాం అని బావ అక్కకు మాటిచ్చాడు. అక్క అప్పుడే గిర్నికి గది కట్టించి, పెద్ద కరెంటు కనెక్షన్‌కు తిరుగుతోంది. బావేమో ఇక్కడ ఫోన్‌లో ఆడుతున్నాడు. తాగడు, ఒకరి జోలికి పోడు, ఆదివారం గుడికి పోయివస్తాడు. ఆట ముందు మాత్రం ఒళ్ళు తెలియదు. ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు.

నేనే అంటగట్టాను ఆయనకు ఆ కొత్త యాప్. దాచడమెందుకు. కంపెనీ వాళ్ళు దాన్ని బయటికి వదలగానే నేనుండే షార్జా నుంచి ఆ ట్రాఫిక్‌లో జెబెల్ అలీ దాకా పోయి మరీ ఆయన ఫోన్‌లో పెట్టించాను. ఆడకుండా ఎట్లాగూ ఉండలేవు, కనీసం దీంట్లో హద్దు పెట్టుకుని ఆడు అన్నాను. రెండో మనిషిగా అక్క పేరు పెడదామంటే ఒప్పుకోలేదు. మీ అక్క పేరు పెడితే ఇంక ఆడుడెందుకు, దుప్పటి కప్పుకుని పండుకుంటా అని నవ్వాడు. నేనూ నవ్వాను. నా పేరు పెట్టాం.

అప్పటి నుంచి మొదలైంది మా ఇద్దరి కత. నెల సగం కాకముందే నా ఫోన్ మోగేది, మీ మనిషి హద్దు పెంచమంటున్నాడు, ఒప్పుకుంటారా అని. వద్దు అని నొక్కేవాణ్ణి. ఊరుకోకుండా ఫోన్ చేసి తిట్టేవాణ్ణి కూడా. బావ తక్కువ తిన్నాడా! "పెండ్లిల నా కాళ్లు కడిగినోనివి, గిప్పుడు నీ కాళ్లు నేను వట్టుకోవాల్నారా బామ్మర్దీ?" అని ఎదురు తిట్టేవాడు. నాయన లేడు కాబట్టి అక్క పెళ్ళిలో కాళ్ళు కడిగింది నేనే. తిట్టుకుని తిట్టుకుని చివరికి ఇద్దరం నవ్వేవాళ్ళం, ఏం వండుకున్నావని అడిగి పెట్టేసేవాళ్ళం. నిజం చెప్పాలంటే నాకా అధికారం రుచిగానే ఉండేది. పెద్ద బావను చిన్నపిల్లాడిలా ఆపుతున్నానని లోపల మురిసిపోయేవాణ్ణి.

ఆ కంపెనీ దరఖాస్తు మీద పేటెంట్ ఆఫీసు పరిశీలకుడి నుంచి అభ్యంతరం వచ్చింది. ఊహించిందే. సాఫ్ట్‌వేర్ అయినంత మాత్రాన పేటెంట్ రాదు. వ్యాపార పద్ధతికి రాదు, ఆట నియమానికి రాదు, మనుషులు తమలో తాము చేసుకునే ఏర్పాటుకు రాదు. యంత్రంలో ఏదో ఒక సాంకేతికమైన మేలు జరగాలి. బీరువా తాళంచెవి పక్కింటావిడ దగ్గర దాచిపెట్టుకోవడం మంచి ఆలోచనే, కానీ అది ఆవిష్కరణ కాదు. కొత్తరకం తాళం చేస్తే ఆవిష్కరణ. పరిశీలకుడు అన్నది కూడా అదే. రెండో మనిషి ఒప్పుకోవడం అనేది మనుషుల మధ్య ఒప్పందం, కంప్యూటర్ కేవలం చీటీ అందిస్తోంది, ఇందులో సాంకేతికత ఎక్కడుంది? చిర్రెత్తుకొచ్చింది కానీ, ఆయన తప్పేమీ అనలేదు.

దరఖాస్తులో ఒక మూల ఇంకో సంగతి ఉంది. హద్దును ఫోన్‌లోనే ఒక భద్రమైన చోట దాచి, ప్రతి పందానికీ దూరపు సర్వర్‌ను అడగకుండా అక్కడికక్కడే సరిచూడటం. దానివల్ల నెట్‌వర్క్ మీద భారం తగ్గుతుంది, జవాబు తొందరగా వస్తుంది. ఇంజనీరు ఎవరో ఊరికే రాసిన పేరా అది. దొరికింది రా అనుకున్నాను. దాన్ని తెచ్చి మొదటి క్లెయిములో కూర్చోబెట్టాను. రెండో మనిషిని లేపేశాను.

పూర్తిగా లేపాల్సిన పని లేదు. కింద ఒక చిన్న క్లెయిములో ఉంచవచ్చు. ఆ మాట నేనే ముదీర్‌తో అన్నాను. ఉంచితే పరిశీలకుడు మళ్ళీ దాన్నే పట్టుకుంటాడేమో, క్లయింటు తొందరపడుతున్నారు, నీకెట్లా అనిపిస్తే అట్లా చెయ్యి అందావిడ. నాకేమనిపించింది? నెలాఖరులోగా ఫైలు మూసేయాలనిపించింది. అంతే. అంతకన్నా గొప్ప కారణం ఉందని చెప్పుకోవడానికి చాలాసార్లు వెతికాను, లేదు. పూర్తిగా కొట్టేసి, పరిశీలకుడికి పంపే జవాబులో ఇంకో అడుగు ముందుకేసి రాశాను. రెండో వ్యక్తి అనుమతి ఈ ఆవిష్కరణకు అవసరమైన భాగం కాదు, అది లేకుండానే ఆవిష్కరణ పూర్తిగా పనిచేస్తుంది అని. బలమైన వాక్యం. రాసి రెండుసార్లు చదువుకున్నాను, నా వాక్యం నాకే ముద్దొచ్చి.

పేటెంట్ వచ్చింది. ఆఫీసులో కేకు తెప్పించారు. ముదీర్ అందరి ముందూ మెచ్చుకుంటే సిగ్గుపడుతున్నట్టు నిలబడి రెండు ముక్కలు తిన్నాను.

ఆ తర్వాత నా ఫోన్ మోగడం తగ్గింది. కాదు, ఆగిపోయింది. బావ అడగడం మానేశాడు. ఎంత సంతోషపడ్డానో! మనిషి దారికొచ్చాడు, హద్దులోపలే ఆడుతున్నాడు, అసలు ఆడటమే మానేశాడేమో కూడా అనుకున్నాను. ఫోన్ చేసి అడగవచ్చు కదా. అడిగితే ఆయనకు గుర్తుచేసినట్టవుతుందని అడగలేదు. అదీ నా తెలివి. పండక్కి మాట్లాడుకున్నాం, పొడి పొడిగా మాట్లాడాడు. పని ఎక్కువైంది కాబోలనుకున్నాను.

ఒక శనివారం అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఇంక రెండేండ్లకు సంతకం వెట్టిండట తమ్మీ. గిర్ని ఇప్పుడొద్దంటుండు. ఎందుకంటే చెప్తలేడు. నువ్వన్న అడుగు," అంది. గొంతులో ఏడుపు లేదు. అర్థం కాకపోవడం ఉంది, అంతే.

ఫోన్ పెట్టేసి యాప్ తెరిచాను. రెండో మనిషి అని ఉండే చోటు లేదు. వెతికాను, ఎక్కడా లేదు. కొత్త మార్పులు అన్న పేజీలో మాత్రం, మీ హద్దును ఇప్పుడు మీ ఫోన్‌లోనే సరిచూస్తాం, మరింత వేగంగా అని రాసుంది. నా క్లెయిమే అది, కాస్త తేట భాషలో. అప్పటికప్పుడే కంపెనీలో యాప్ చూసుకునే అతనికి ఫోన్ చేశాను. సెలవు రోజైనా మర్యాదగానే మాట్లాడాడు. ఆటలు నడిపేవాళ్ళకు ఆ రెండో మనిషి గోల మొదటినుంచీ ఇష్టం లేదట. తీయాలా వద్దా అని వీళ్ళు ఊగుతుంటే నా జవాబు చేతికొచ్చిందట. "అది అవసరమైన భాగం కాదని మీరే రాశారు కదా సార్. పేటెంట్‌లో కూడా లేదు. మాది కానిదాని కోసం వాళ్ళతో ఎందుకు కొట్లాడాలి?" అన్నాడు.

అది పరిశీలకుడి కోసం రాసిన మాట, మీ కోసం కాదు అన్నాను. అతనికి ఆ తేడా ఎక్కలేదు. ఎందుకెక్కాలి? నాకూ ఆ క్షణం ఎక్కలేదు. హద్దు ఉందట, అలాగే ఉందట. కాకపోతే ఆడేవాడే ఎప్పుడంటే అప్పుడు పెంచుకోవచ్చట.

మర్నాడు జెబెల్ అలీ పోయాను. బావ తానుండే లేబర్ క్యాంపు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేవలేదు. నేను పక్కన కూర్చుని అక్క ఫోన్ చేసిందన్నాను. బావ నావైపు చూడకుండానే చెప్పాడు.

"ఒకపాలి హద్దు పెంచుమని నొక్కినప్పుడు, ఎప్పటి లెక్కనే నువ్వు వద్దంటవనుకున్న. నొక్కంగనే తెరుసుకున్నది, నువ్వే సరే అన్నవనుకున్న. సరే, ఫోన్ జేసి తిడ్తడు అనుకున్న. ఆ దినమంత నీ ఫోన్ కోసం చూసిన. తెల్లారి గూడ చూసిన. నువ్వు చెయ్యలే. గప్పుడు అనుకున్న, బామ్మర్దికి నాతోని యాష్టకొచ్చింది, ఇడిచిపెట్టిండు అని."

ఇన్నాళ్ళూ ఆయన బాగుపడ్డాడని నేను అనుకున్న రోజులన్నీ, నేను విసిగి వదిలేశానని ఆయన అనుకున్న రోజులు. ఇడిచిపెట్టలేదు బావా అని మొదలుపెట్టి అంతా చెప్పాను. పరిశీలకుడు, అభ్యంతరం, ఫైలు మూయాలన్న నా తొందర, అవసరం లేదని నేను రాసిన వాక్యం. పేటెంట్ గొడవ ఆయనకు సగమే తెలిసింది.

"అంటే అండ్లకెల్లి నన్ను తీసేసినవా?" అన్నాడు.

"నిన్ను గాదు బావా. నన్ను నేనే తీసేసుకున్న."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు. ఆయన ఎక్కడో చూస్తూ, నొక్కింది నా వేలే గదరా అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడని తెలుస్తూనే ఉంది, దాంతో నాకు ఇంకా సిగ్గేసింది. గిర్ని కోసం దాచిందంతా పోయిందట, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలట. యాప్ తీసేశానన్నాడు. మళ్ళీ పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఇద్దరికీ తెలుసు. మీ అక్కకు మాత్రం నేను చెప్పలేను, నువ్వే చెప్పు అన్నాడు.

అక్కడి నుంచే అక్కకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఇద్దరం ఒక్కచోట ఉన్నామని తెలిసి సంబరపడింది. తిన్నారా అని అడిగింది. తిన్నమని బావ అబద్ధమాడాడు. బావను ఏమనకు అక్కా, ముందుగాల నన్ను తిట్టు అని చెప్పి, ఆట సంగతి, హద్దు సంగతి, రెండో మనిషిని నేను కొట్టేసిన సంగతి, ఏదీ మిగల్చకుండా చెప్పాను. లైను కట్టయిందేమోనని రెండుసార్లు ఫోన్ వైపు చూశాను.

అంతా విన్నాక అక్క మెల్లగా అడిగింది. "ఆయన అడిగినప్పుడల్ల నువ్వే వద్దంటుంటివా?"

అవునన్నాను.

"ఆయిన్ని ఆపేటందుకు ఒక మనిషి గావాలెనని మీ ఇద్దరికి ఎర్కనే. మరి నన్నెందుకు అడగలే తమ్మీ?"

బావ తల వంచుకున్నాడు. అక్క ఫోన్ పెట్టేయలేదు, జవాబు కోసం అట్లాగే ఉంది.