తుడిచి ఉంచిన కుర్చీ

ఆ రోజు నేను ఇంకొకరి హైకూలో నా మాట ఒకటి చేర్చాను.

ఆఫీస్ పని మీద మా ఊరు క్యారీ నుంచి డబ్లిన్ వెళ్లినప్పుడు, అక్కడి లైబ్రరీలో జపాన్ కవయిత్రి ఒకావిడ నడిపిన హైకూ సభలో కూర్చున్నాను. చేతిరాతను బట్టి ఎవరు రాశారో తెలిసిపోకుండా ఒకరి హైకూను మరొకరు కాపీ చేస్తారు. తర్వాత అందరూ నచ్చినవి ఎంచుతారు. నాకొచ్చిన చీటీలో ఇలా ఉంది: “వాన వెలిసింది. ఆయన కుర్చీ తుడిచి ఉంచాను.” మరీ పొడిగా అనిపించి, “కన్నీళ్లతో” అని కలిపాను.

దాన్ని ఒక్కరూ ఎంచలేదు. చివర్లో మిగిలినవి చదువుతుంటే, అది వినగానే కవయిత్రి లేచింది.

“కాపీ చేసిందెవరు?”

చెయ్యెత్తాను.

“నేను ఏడవలేదు. టవల్‌తో తుడిచాను. మా ఆయన పోయాక రోజూ తుడుస్తున్నాను. నన్ను ఏడిపించడానికి మీరెవరు?”

“బాగుంటుందని, మేడమ్...”

“బాగు చెయ్యమని అడిగానా? కాపీ చెయ్యమన్నాను!”

నా మాట కొట్టేసి, తప్పు నాదని చెప్పి, ఆమె రాసింది రాసినట్టు అందరి ముందూ చదివాను. మళ్లీ ఎంచుదామని ఎవరో అన్నారు. “ఎంపిక అయిపోయింది,” అందామె, నా వైపు చూడకుండా.

నా భార్య మాటల్నీ నేనిలాగే అందుకుని పూర్తి చేస్తుంటాను. బయటికొచ్చి ఫోన్ చేసి, పొద్దున నేను అడ్డుపడ్డ మాట మళ్లీ చెప్పమన్నాను. తను చెప్పడం ముగిసేదాకా నేను నోరు మెదపలేదు.