ఆఖరున చెయ్యి పెట్టిందెవరు?

ల్యాప్‌టాప్ ఫ్యాను గుయ్యిమంటోంది. నల్లటి తెర మీద ఒకటే వరుస, పక్కన పెరుగుతున్న సెకన్లు. నిన్న దీన్ని నడిపే మూల ప్రోగ్రామును, అదే కెర్నల్‌ని, అప్‌డేట్ చేశాను. ఇవాళ తెరుచుకోవడానికి చచ్చేంత సేపు పడుతోంది. పవర్ బటన్ మీదికి పోతున్న వేలిని వెనక్కి లాక్కుంటున్నాను. నాకు ఓపిక ఏనాడూ లేదు. ఉన్న ఆ కాస్తా, నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే షాపు నడిపిన కోటయ్య బాబాయ్ పెట్టిన భిక్ష.

ఆయన సొంత బాబాయేం కాదు, మా వీధివాడు. డిగ్రీ అవగానే ఆయన దగ్గర పనికి చేరాను. మా వైపు ఏ మిషను మొరాయించినా మొదటి అనుమానం మిరప దుమ్ము మీదే. ఒక పొద్దున కాలేజీ లెక్చరర్ సుజాత మేడం గాభరాగా వచ్చారు. అప్‌డేట్ చేశాక ల్యాప్‌టాప్ ఓ పట్టాన తెరుచుకోవడం లేదట. మధ్యాహ్నం గుంటూరులో ఆమె పీహెచ్‌డీ వైవా. ఇచ్చేసిన థీసిస్ పోను, నాలుగేళ్ళ లెక్కలూ అక్కడ చూపాల్సిన స్లైడ్లూ అందులో తప్ప ఇంకెక్కడా లేవు. నేను ఒక్క మాటైనా అడక్కుండా మరలు విప్పి, బ్లోయరుతో ఊది, తుమ్ములు తెచ్చుకున్నాను. ఏమీ మారలేదు. ఇక ఫార్మాట్ కొట్టేద్దామని పెన్‌డ్రైవ్ తీశాను.

“ఏందే ఆ తొందర? ఆమె నాలుగేళ్ళ కష్టం తుడిచేస్తావా? పెట్టు కింద!” అన్నాడు బాబాయ్. “పాత కెర్నల్ లోపలే ఉంటది. దాంతో తెరువు.”

తెరిచాను. అప్పుడూ అంతే సేపు పట్టింది.

“చూశావా, తప్పు అప్‌డేట్‌ది కాదు. అది దేనికోసమో ఎదురు చూస్తా ఉంది. దీని మీద ఆఖరున చెయ్యి పెట్టిందెవరు?”

అప్పుడు గుర్తొచ్చింది. నెల కిందట మేడం ఇదే ల్యాప్‌టాప్ తెస్తే, ఏవో పుస్తకాలు ఎక్కించడానికి మా షాపు డిస్కు తగిలించి, ఆన్ చేసినప్పుడల్లా దాన్ని వెతకమని ఒక వరుస రాశాను. తీసెయ్యడం మరిచాను. మేడం ఎప్పుడూ మూత వేసేవారే గానీ ఆఫ్ చేసేవారు కాదు. అప్‌డేట్ కోసం రీస్టార్ట్ చేసేసరికి, అది లేని డిస్కును వెతుకుతూ కూర్చుంది.

ఆ వరుస తీసేశాను. చిటికెలో తెరుచుకుంది.

“ఏమైందమ్మా దీనికి?” అన్నారు మేడం, బ్యాగు సర్దుకుంటూ. దుమ్మేనండీ అనబోయాను. బాబాయ్ నా వంక చూశాడు.

“నా తప్పేనండీ,” అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

“చానా భయపెట్టావు తల్లీ. ఈసారి చెడినా నీ దగ్గరికే తెస్తాలే,” అని ఆమె బస్సుకి పరుగెత్తారు. బాబాయ్ నాకు టీ తెప్పించాడు.

ఆయన పోయి రెండేళ్ళు. ఇంట్లో ఏది చెడినా, ఎవరితో మాట పట్టింపు వచ్చినా ముందు ఆ ప్రశ్నే వినబడుతుంది. ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది కూడా. ఇప్పుడూ అప్‌డేట్‌ని తిట్టుకుంటూనే పాత కెర్నల్‌తో తెరిచాను. అంతే సేపు పట్టింది. సరే బాబాయ్, అనుకుని గుర్తుచేసుకున్నాను. కిందటి వారం దీనికి బయట తగిలించే డిస్కు మార్చి, పాతదాన్ని వెతికే వరుస తీసెయ్యకుండా, ఆఫ్ చెయ్యకుండా మూత వేస్తూ వచ్చింది ఇంకెవరు, నేనే.