రాజ్‌కుమార్ అడిగిన టర్కీ కూర

సిరిసిల్ల పాత బస్టాండు పక్కన దేవమ్మది చిన్న హోటల్. మిగిలిన అన్నం పారబోయదు, బస్టాండు రేకుల కింద పండుకునే తాగుబోతులకు పెడ్తది. "గాళ్ల జోలికి పోకు, ఎప్పుడేం జేస్తరో తెల్వది" అని పక్క దుకాణపోళ్లు చెప్పిన్రు. ఆమె వినలె.

గాళ్లల్ల రాజ్‌కుమార్ ఒకడు. ఒకప్పుడు సాంచాల మీద బట్ట నేసేటోడు. నిద్ర పడ్తదని మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డడు. పని పోయింది, పెండ్లాం తల్లిగారింటికి పోయింది, కిరాయిల్లు గూడ పోయింది. అయినా తిన్న పళ్లెం కడిగి బోర్లిచ్చి పోయేటోడు. అందుకే దేవమ్మకు వాని మీద అభిమానం.

ఒకనాడు, "అక్కా, మా సేటు బిడ్డ పెండ్లిల టర్కీ కూర తిన్న. మల్లొక్కసారి తినాలనుంది" అన్నడు.

"దసరాకు వండుత తమ్మీ. గాని కల్లు ముట్టకుండ రావాలె. ముట్టినవంటే బుక్క గూడ పెట్ట."

"నీ మీద ఒట్టు" అన్నడు.

దేవమ్మ అక్క కొడుకు నరేశ్‌ది ఆటో. పండుగ ముందటి రోజు ఇద్దరు గంభీరావుపేటకు పోయిన్రు. అక్కడ ఆనందం అనేటాయన మామిడితోటల టర్కీలు సాదుతడు. దేవమ్మ ఈకలు విప్పి తిరుగుతున్న పెద్ద పుంజును చూపెట్టింది. "అది ముదురు, ఎంత ఉడికిచ్చినా మెత్తగ గాదు" అని ఆయన పడుచు పెట్టను పట్టిచ్చిండు. కండ్లు నిగనిగ మెరుస్తున్నయి, ముక్కుల చీమిడి లేదు. అదే తీస్కున్నరు.

దసరా పొద్దుగాల నరేశ్ కోడిని కోసిచ్చి, కట్టెలకు పోయిండు. దేవమ్మ హోటల్ వెనుక పెద్ద గంజుగిన్నెల నీళ్లు కాగబెట్టి, కోడిని ముంచి, ఈకలు పీకుతుంది. రాజ్‌కుమార్ వచ్చిండు. స్నానం చేసిండు గాని, ఒళ్లంత చెమటలు, చేతులు వణుకుడు.

"మొన్నటి సంది చుక్క ముట్టలేదక్కా."

దేవమ్మ సంబురపడ్డది. ఆకలికి వణుకుతుండనుకొని చాయ ఇచ్చింది. సగం ఒలుకపోసుకున్నడు. తనూ కూసోని ఈకలు పీకబట్టిండు. ఉన్నట్టుండి లేచి, "పురుగులక్కా! ఈకల నిండ పురుగులు!" అని ఒర్లిండు. పక్కనున్న కత్తి అందుకున్నడు. దేవమ్మ బయటికి పోదామంటే తలుపు వాని వెనుకనే ఉంది.

దేవమ్మ గోడ దాక జరిగింది. గొంతు పెంచలె. "తమ్మీ, నేను దేవమ్మను. కత్తి కింద పెట్టు." వాడు ఎవరో తెల్వనోళ్లను చూసినట్టు చూసిండు. అంతల కండ్లు తేలేసి, కట్టెలెక్క బిగుసుకొని పడ్డడు.

అప్పుడే వచ్చిన నరేశ్ కత్తిని దూరం నూకి, 108కు ఫోన్ చేసిండు. జనం పోగైన్రు. ఎవరో చేతుల తాళంచెవులు పెట్టబోయిన్రు. "ఏం పెట్టొద్దంట, ఫోన్ల 108 వాళ్లు పక్కకు ఒరిగియ్యమంటున్నరు" అని నరేశ్ ఆపిండు. ఈకలంటిన చేతులతోనే దేవమ్మ వాన్ని పక్కకు తిప్పింది.

దవాఖానల నర్సు అడిగింది: "కల్లు ఒక్కసారే ఎవరు మాన్పిచ్చిన్రు?"

"నేనే బిడ్డా" అన్నది దేవమ్మ.

"మందు కల్లు ఒక్కపారి బందు పెడితే ఫిట్స్ వస్తయమ్మా, పానమే పోవచ్చు. ముందుగాల మా దగ్గరికి తోలుకరావాలె. మందులిచ్చి మెల్లగ తగ్గిస్తం. నువ్వు ఒక్కదానివున్నప్పుడు ఇసొంటోళ్లను లోపటికి గూడ రానియ్యకు."

ఇంటికొస్తే సగం పీకిన కోడి అట్లనే ఉంది. పారెయ్య మనసొప్పలె గాని, "పొద్దటి సంది ఎండల ఉంది, ఇది తింటే రోగాలొస్తయి" అన్నడు నరేశ్. బొంద తీసి పూడ్చిపెట్టిండు. దేవమ్మ పప్పు, అన్నం వండి, రేకుల కిందోళ్లకు బయటనే వడ్డిచ్చింది. నరేశ్ పక్కనే నిలబడ్డడు. ఆమె తినకుండనే గిన్నెలు కడుగబట్టింది.

తెలివికొచ్చినంక రాజ్‌కుమార్ మొదలు అడిగింది, "నిన్నేమన్న కొట్టిన్నా అక్కా?" అని. "లేదు" అంటే మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. మత్తు మాన్పే వార్డుకు కరీంనగర్ పంపుదామన్నరు. పంపే పొద్దుగాల మంచం ఖాళీగ ఉంది.

బస్టాండుకు మల్ల రాలె. కోరుట్లల చూసినమని ఎవరో చెప్పిన్రు. దేవమ్మ ఇప్పుడు ఎవర్ని మానుమని ఒట్టు పెట్టదు. "దవాఖానకు పోదాం పా" అంటది, నరేశ్‌ను వెంటబెట్టుకొని. గాళ్లల్ల ఇద్దరు దవాఖానకు పోయిన్రు, అండ్ల ఒకడు మల్ల తాగబట్టిండు. కోరుట్ల దిక్కు కిరాయి పడ్డప్పుడల్లా నరేశ్ బస్టాండంత తిరిగి చూసొస్తడు. రాజ్‌కుమార్ ఇంక కానరాలె.