ఎనిమిది టన్నుల బండికి పదహారు టన్నులు

బండికి నిమ్మకాయలు కట్టనంత మాత్రాన మీకు మూఢనమ్మకం లేదని అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకుంటూనే ఒక మనిషిని లోయ అంచు దాకా లాక్కుపోయాను.

సెప్టెంబరు చివర, మధ్యాహ్నం రెండూ నలభైకి ఆ స్థావరంలో దిగాను. ఎత్తు పదమూడు వేల అడుగులు. చెట్టు లేదు, పిట్ట లేదు. బూడిదరంగు కొండలు, వాటి నడుమ ఒకే ఒక్క రోడ్డు. మొదటి రోజు తలనొప్పితో నీళ్ళు కూడా దిగలేదు. నేను హవల్దారును. దారిలో చెడిపోయిన సైనిక వాహనాలను లాగి తేవడం మా విభాగం పని. సామాను: రెండు బండ్లను కలిపి కట్టే ఇనుప కడ్డీ ఒకటి, గొలుసులు నాలుగు, చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మెలు ఎనిమిది, చేతి రేడియోలు రెండు. ఏ పనికి ఏ బండి తీసుకుపోవాలో నిర్ణయించేది నేనే.

లాగే బండ్లు రెండున్నాయి. ఒకటి పాతది. వీపు మీద క్రేను, పదమూడు టన్నుల సొంత బరువు, ముసలి నడక. రెండోది కొత్తది. ఏడు టన్నులు, ఇంజను మాత్రం పులి.

మా ఊరు రాచర్లలో నాయన బండలాగుడు పోటీలకు ఎడ్లను తయారుచేసేవాడు. గడువులో బండను ఎక్కువ దూరం ఈడ్చినదే గొప్ప ఎద్దు. ఆ లెక్క నా రక్తంలో ఉంది. చేరిన మూడో రోజున యార్డులో నాలుగు టన్నుల సిమెంటు దిమ్మెను ఒకదాని తర్వాత ఒకటిగా రెండు బండ్లకూ కట్టించి, చేతిలో గడియారం పట్టుకుని నిలబడ్డాను. కొత్త బండి దిమ్మెను దుమ్ము లేపుకుంటూ ఈడ్చుకుపోయింది. పాతది మూలుగుతూ నడిచింది. చుట్టూ ఉన్న జవాన్లు ఈలలు వేశారు.

నా డ్రైవరు పెద్దారవీడు దగ్గరి పల్లెవాడు. కూలికి పోయే క్రైస్తవ కుటుంబం. ఆ కొండల్లో నాతో తెలుగు మాట్లాడే మనిషి అతనొక్కడే.

"కొత్త బండి తలుపు అంచున రేకుంది గదా అన్నా, దాని మీద ఏం రాసినారో చూసినావా?" అన్నాడు.

"ఆ రేకును ఫ్యాక్టరీలో కూర్చున్నోడు కొట్టిచ్చినాడు. నేను నా కళ్ళతో చూసినా."

"సరే. నీ కళ్ళు, నీ ఇష్టం."

ఇరవై రెండో రోజు ఉదయం ఆరూ పదికి సుబేదారు పిలిచాడు. కనుమ పైభాగాన జనరేటరు మోసుకొస్తున్న లారీ ఒకటి ఇంజను చచ్చి ఆగిపోయింది. పదకొండింటికి కాన్వాయ్ వస్తుంది. అప్పటికి దారి ఖాళీ కావాలి.

"ఏ బండి?"

"కొత్తది సార్."

ఏడూ యాభైకి పైకి చేరాము. మైనస్ తొమ్మిది డిగ్రీలు. చేతి తొడుగు తీసి ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. ఆ లారీ బరువు, సరుకుతో కలిపి, పదహారు టన్నులు. ఇంజను లేదు కనుక దాని బ్రేకులకు గాలి లేదు. గాలి లేకపోతే బ్రేకులు బిగుసుకునే ఉంటాయి. లాగాలంటే వాటిని విప్పాలి, విప్పాము. మా గాలి గొట్టం దానికి అతకలేదు. అంటే రెండు బండ్లకూ కలిపి ఇక మా బ్రేకులే గతి. ఆ లారీ డ్రైవరు గఢ్వాలీ, ఉత్తరాది కొండలవాడు, టీలో ఉప్పు వేసుకునే మనిషి. స్టీరింగు తిప్పడానికి అతను వెనక లారీలోనే కూర్చోవాలి.

బయలుదేరే ముందు నా డ్రైవరు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు.

"ప్రార్థనకు ఎన్ని హార్స్ పవరు?" అన్నాను.

"నీ నోటికంటె తక్కువేలే అన్నా" అని గేరు వేశాడు.

ఎనిమిదీ ముప్పయి అయిదుకు కదిలాము. రేడియోలో గఢ్వాలీ గొంతు: "వెనక పెళ్ళికూతురుంది, మెల్లగా పోండి." నవ్వాము. మొదటి కిలోమీటరు నవ్వుతూనే దిగాము.

మూడో మలుపు దాటగానే డ్రైవరు బ్రేకు తొక్కాడు. బండి తగ్గలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. వెనక చక్రాలు పక్కకు జారాయి.

"అన్నా, మనం లాగడంలే. అది తోస్తాంది."

అప్పుడు అర్థమైంది. బండలాగుడు పోటీలో ఎడ్లు ఆగితే బండ ఆగుతుంది. అక్కడ నేల చదును. ఇక్కడ నేల వాలు. ఏడు టన్నుల బండి వీపు మీద పదహారు టన్నులు చెయ్యి పెట్టి నెడుతోంది. మా నాయన ఏ ఎద్దునూ ఈ ప్రశ్న అడగలేదు. నేను ఆ బండినీ అడగలేదు.

బ్రేకులు మాడిన వాసన. రేడియోలో: "ముందు బండీ, మీద పడుతున్నాను. నేను కాదు, లారీ." కుడివైపు లోయ. కింద నది దారంలా ఉంది. ముందు ఎడమకు తిరిగే మలుపు. తలుపు తీసి దూకాలని నా చెయ్యి పిడి మీదకు పోయింది. దాచుకోను, పోయింది.

"తలుపు వదులు అన్నా" అన్నాడు డ్రైవరు, నా వైపు చూడకుండానే. స్టీరింగు ఎడమకు తిప్పి బండిని కొండకు రాసుకునేలా పోనిచ్చాడు. అద్దం పోయింది, తలుపు వంగింది, రాళ్ళు లోపలికి వచ్చాయి. ఎనిమిదీ యాభై రెండుకు ఆగాము. మలుపు ఇంకా అరవై అడుగులు. వెనక లారీ అడ్డం తిరిగి, దాని వెనక చక్రం ఒకటి అంచు దాటి గాలిలో ఉంది. పట్టుకుని ఉన్నది మా ఇనుప కడ్డీ. గఢ్వాలీ కిటికీలోంచి పాకుతూ బయటపడి రోడ్డు మీద వాంతి చేసుకున్నాడు.

మధ్యాహ్నం స్థావరంలో గుడి ముందు కొబ్బరికాయలు కొట్టారు. బతికించాడని దేవుడికి దండాలు. ఎందుకు చావబోయామని ఒక్కరూ అడగలేదు. నేనూ మిఠాయి తిన్నాను. కృతజ్ఞత ఎంత సుఖమైనదో ఆ రోజు తెలిసింది. దాని చాటున ఎంత పెద్ద తప్పయినా దాక్కోవచ్చు. సుబేదారు "నివేదికలో కారణం మంచు అని రాయి" అన్నాడు. రాశాను. ఆ ఉదయం ఆ రోడ్డు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

సాయంత్రం బంకరులో నా డ్రైవరు నాకు వీపు చూపించి కూర్చున్నాడు.

"ప్రార్థన చేస్తే ఎగతాళి చేసినావు గదా. నీవు దేనికి మొక్కినావు?"

"నేను పరీక్ష చేసినా."

"దిమ్మెను ఈడ్పిచ్చినావు. ఆపిచ్చి చూసినావా?"

మర్నాడు తెల్లవారగానే వంగిన తలుపు అంచున మట్టి గీకాను. లాగదగిన బరువు ఎనిమిది టన్నులని రేకు మీద ఉంది. ఇరవై రెండు రోజులు ఆ తలుపు తీశాను, వేశాను. తప్పు ప్రశ్న అడిగిన పరీక్షకూ మొక్కుబడికీ తేడా లేదు. మొక్కినవాడైనా లోపల భయపడతాడు, నేను అదీ పడలేదు. సుబేదారు దగ్గరికి పోయి నివేదికలో 'మంచు' అన్న మాట కొట్టేసి నా పేరు రాయమన్నాను.

"పిచ్చా? ప్రమోషన్ పోతుంది."

"రేపు ఇంకొకడు ఈ బండినే తీసుకుపోతాడు సార్."

నా రికార్డులో ఎర్ర సిరా పడింది. ఆ బండి తలుపుల మీద తెల్ల రంగుతో 'ఎనిమిది' అని రాయించారు. అయినా మిగిలిన నెలలన్నీ, బండి బయటికి పోయిందని రేడియోలో విన్నప్పుడల్లా అది తిరిగొచ్చేదాకా గేటు దగ్గరే నిలబడేవాణ్ణి.

సర్వీసు ముగిసి గిద్దలూరు స్టేషన్లో దిగాను. ఇప్పుడు ఇక్కడివాళ్ళు లారీ కొనేముందు నన్ను పిలుస్తారు. మొన్న మా బావమరిది పిలిచాడు. చెడిపోయిన బోరు లారీలను ఘాటు రోడ్డు మీదుగా నంద్యాల షెడ్డుకు లాగే పని మొదలుపెడతాడట. పాత లారీ ఒకటి చూశాడు.

"ఏంది బావా, ఇంజను చూడమంటే తలుపు చూస్తాండావు?"

"రేకేది?"

"పీకి రంగేసినారు. రంగు బాగుంది గదా."

కొనొద్దన్నాను. నాతో మాట మానేశాడు. మానేస్తే మానేశాడు, మనిషి ఉన్నాడు.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది ఒకటుంది. మా బండి పక్క అద్దం పగలక ముందు అందులో నాకు గఢ్వాలీ కనిపించాడు. అతను స్టీరింగు వదిలేశాడు. రెండు అరచేతులూ ముందు అద్దానికి ఆనించి, పదహారు టన్నుల లారీని వట్టి చేతులతో వెనక్కి నెడుతున్నాడు. ఇప్పుడు నల్లమలలో నేనెక్కిన బస్సు ఘాటు దిగుతుంటే వెనక వచ్చే ప్రతి లారీ అద్దంలోనూ ఆ అరచేతులే కనిపిస్తాయి.

కనుక రేపు పొద్దున్నే మీ బండి తలుపు తీసి ఆ రేకు చదవండి. లాగబోయే సరుకును మార్కాపురంలోనో గిద్దలూరులోనో కాటా మీద తూకం వేయించండి. సరుకు ఎక్కువైతే ఇంకో పెద్ద బండిని పిలవండి. రేకే లేకపోతే, ఆ బండికి గొలుసు కట్టకండి.